కుడి ముందర చక్రం

ముగ్గురు జూసిన్రట నాకన్న ముందు.
ఒకడు టైర్లన్నడు, నాలుగు మార్చిండు.
ఒకడు బ్యాలెన్సింగన్నడు.
మూడోడు బండెక్కి సందు చివరిదాక పోయచ్చి
"మేడం, సప్పుడు బండిల లేదు
మీ చెవుల ఉన్నది" అన్నడట.

వాదీ కబీర్ల మా షెడ్డుకు
ఎస్తేరు సిస్టర్ అచ్చేసరికి మధ్యాన్నం రెండు.
బానెట్ మీద చెయ్యి పెడితే తోలు అంటుకుంటది.
పాత కరోల్లా, పదకొండేండ్లది,
ఆమె సొంత పైసలతోని కొన్న మొదటి బండి.
"అరవై దాటితే మొదలవుద్దండీ.
బోరింగు కొడితే నీళ్ళు రాకముందు మూలుగుద్ది చూడండి, అట్టా."
రోగం గింత మంచిగ జెప్పినోళ్ళు
నా ఇరవై రెండేండ్ల సర్వీసుల లేరు.
ఆమె పనే గది గద,
నొప్పి ఎక్కడ, ఎప్పటిసంది, ఎట్లని అడుగుడు.

మెకానిక్ ముంగట మాత్రం ఏ బండీ మూలగది.
పంతులు ముంగట పోరగాని లెక్క
బుద్ధిగ నిలవడ్డది కరోల్లా.
"రాత్రి డ్యూటీ దిగినంక రా సిస్టర్" అన్న.

పదకొండింటికి అమరాత్ ఘాట్ ఎక్కినం.
నేను పక్క సీట్ల, కండ్లు మూసుకొని.
ఏసీ బంద్. అద్దాలు బంద్. రేడియో బంద్.
డెబ్బై.
అచ్చింది.

సప్పుడు అబద్ధమాడుతది.
పుట్టినకాడ ఉండది, ఇనుములకెల్లి ఉరికి
ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటవడ్తది.
ఆమెకు కాళ్ళకాడ ఇనవడ్తున్నదట,
నాకు ఎన్క సీటు కింద.
"న్యూట్రల్‌ల ఎయ్యి."
ఇంజను సల్లవడ్డది. మూలుగు తగ్గలే.
ఇంజను గాదు. గేరుబాక్సు గాదు.
"బ్రేకు మీద కాలు ఆనియ్యి, కొంచెమే."
తగ్గలే.
"ఎక్కడ ఎక్కువైతది సిస్టర్?"
ఆమె జరసేపు ఊకున్నది.
"రౌండబౌట్లోనండీ.
బయటికొచ్చేప్పుడు కుడికి తిప్పానా, నోరు మూసుకుంటది."

కండ్లు తెరిచిన.

ఈ దేశంల రౌండబౌట్ అంటే ఎప్పటికీ ఎడమకే తిరుగుడు.
ఎడమకు తిరిగితే బండి బరువంత
కుడి చక్రం మీద ఒరుగుతది.
ఇంటికీ దవాఖానకూ నడుమ పోనురాను పద్నాలుగు,
ఆమె లెక్కవెట్టుకున్నది.
పదకొండేండ్లు ఒక్క బుజం మీదనే మోసినట్టు.

తెల్లారి జాకీ మీద లేపినం.
షఫీక్ చక్రం తిప్పుతుండు,
నేను స్ప్రింగు మీద నాలుగు వేళ్ళు ఆనించిన.
ఎడమది, నూనెల నూనె.
కుడిది,
గల్ల కట్టిన పసిపోరని వీపు మీద
చెయ్యి పెడితే ఎట్లుంటది, గట్ల.
"జూస్తవా?" అంటే సిస్టర్ ముందు గ్లౌజులు అడిగింది,
మల్ల వద్దని ఉత్త చెయ్యే పెట్టింది.
ఆమె గుడ కండ్లు మూసుకున్నది.
"క్రెపిటేషన్" అన్నది మెల్లగ.
ఆ మాట నాకు తెల్వది. షఫీక్‌కు తెల్వది.
ముగ్గురం తలూపినం.

ప్రెస్సు కింద పెట్టి బేరింగు ఊడగొడితే
గ్రీజు మాడిన హల్వా లెక్క నల్లగయ్యింది.
గుండ్లు ఉరికే బాటల ఒక్క గుంట,
గోటికి తప్ప కంటికి దొరకనంత.
గింతదానికి మూడు నెలలు, నాలుగు టైర్లు,
ఒక మనిషిని చెవులు లేవనుడు.

బేరింగు తొమ్మిది రియాలు, కూలి ఆరు.
పాతది పాడెయ్యొద్దన్నది.
పేపర్ల సుట్టి సంచిల ఏసుకున్నది.
"ఆ మూడో ఆయన షెడ్డెక్కడో
నాకు బానే గుర్తుందండీ."

తాళం తిప్పి, రేడియో మీట నొక్కింది.
షెడ్డంత అదిరింది!
మలయాళంల సబ్బు ప్రకటన.
పానాలు జారిడిసి జూసిన్రు పనోళ్ళు.
మూలుగు మీద మూత పెట్టాల్నని
మూడు నెలలసంది ఒక్కొక్క గీతే పెంచుకుంటవోయిందట.
సిగ్గువడుకుంట తగ్గించింది.
ముప్పై ఒకటి, ఇరవై, పన్నెండు.
ఏడు కాడ ఆపింది.
ఇంక జర తగ్గించి, ఎందుకో, బందు వెట్టింది.

గేటుకాడ ఎడమకు తిరిగింది కరోల్లా.
షఫీక్, నేను, ఇద్దరం చెవొగ్గినం.
ఏం లేదు. ఇసుక మీద టైరు, గంతే.

స్టూలు మీదికెల్లి లేస్తుంటే
నా మోకాలు కిర్రుమన్నది.
కుడిదే.
షఫీక్‌కు ఇనవడ్డది.
వాడు నా దిక్కు జూడలే,
జాకీ దిక్కు జూసిండు.