ఒరిగిన గీత

హార్లింగెన్ కరకట్ట ఆఫీసులో
సీట్స్కే రెండు వారాలు కూర్చుని గీసిన పటం:
నాలుగు వందల చుక్కలు.
గట్టిగా ఉన్న చోట ఆకుపచ్చ, ఊట పుట్టిన చోట ఎరుపు.
"చూడు, ఇట్టే తెలిసిపోతుంది" అంది.

డౌవె చూశాడు.
ముప్పై ఏళ్లు కట్ట మీద నడిచినవాడు,
తడి మట్టిని బూటు మడమతో పసిగట్టేవాడు,
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.
"అంతా ఎండుగడ్డి రంగే కదమ్మా."

ఆమె నవ్వబోయి ఆగింది.
టమాటా పండిందో లేదో
భార్యనడిగి కోసే మనిషని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రాత్రి రంగులన్నీ తుడిచేసింది.
చుక్కకు బదులు చిన్న నిలువు గీత,
నాలుగు వందలూ బూడిద రంగులో, కంచె గుంజల్లా.
ఊట ఉన్న చోట మాత్రం
గీతను కాస్త వాల్చింది.

పొద్దున గుమ్మంలోనే, కోటు విప్పకముందే
డౌవె వేలు చూపించాడు:
"ఆ గుంజ ఒరిగింది."

లెక్కపెట్టలేదు. వెతకలేదు.
మనసు మెట్లెక్కి వచ్చేలోపే
చూపు వెళ్లి అక్కడ కూర్చుంది.

పార భుజాన వేసుకుని బయల్దేరాడు.
సీట్స్కే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది:
బూడిద రంగు కట్ట, బూడిద రంగు సముద్రం,
మధ్యలో ఎదురుగాలికి ఒరిగి
నడుస్తున్న ఒకే ఒక్క గీత.