మసి గీసిన పటం

గులాబీ చెక్కాను, సెన్యా దీవిలో,
నవంబరు చివర,
సూర్యుడు సెలవు పుచ్చుకున్న వారంలో.
గొడ్డలి కామ మీద, సరిగ్గా పిడికిలి బిగిసే చోట
ఎనిమిది రేకులు,
అంచున నీడ నిలిచేంత లోతుగా.
చూసినవాళ్ళంతా మెచ్చారు.
హాల్‌వార్డ్ మామ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.
చూశాడంతే, పట్టుకోలేదు.
ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

రాగ్న్‌ఫ్రిడ్ కొనుక్కుపోయింది.
చలికాలానికి సరిపడా కట్టెలు
తనే చీల్చుకుని, తనే పేర్చుకునే మనిషి.

తొమ్మిదో రోజు తిరిగొచ్చింది.
ఉన్ని తొడుగు లాగేసి
అరచెయ్యి నా దీపం కింద పెట్టింది.
బొబ్బ. ఎర్రగా, రేకులు రేకులుగా.
"నీ పువ్వు పూసింది, చూడు."
గొంతులో కోపం లేదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నున్నగా చేసిస్తాను, బొమ్మలేవీ లేకుండా."
"నున్నటిది కొట్లోనే దొరుకుతుందిగా!
పువ్వు కోసమే నీ దగ్గరికొచ్చాను.
పువ్వూ ఉండాలి, నా చెయ్యీ ఉండాలి."

నా పొయ్యి తలుపు తనే తెరిచి
మసి తీసి రెండు చేతులకీ రాసుకుంది.
కొత్త కామకి గొడ్డలి బిగించిచ్చాను.
గాజు పెంకుతో గీకిన బర్చ్ కర్ర,
పెరట్లో మంచుతో పోటీపడే తెలుపు.
పది మొద్దులు చీల్చింది. నేను లాంతరు పట్టుకున్నాను.

తర్వాత ఇద్దరం బల్ల మీద పెట్టి చదివాం.
ఎడమ చెయ్యి అడుగున కాపురముంటుంది, కదలదు.
కుడి చెయ్యి ఇనుము పక్కన బయల్దేరి
దెబ్బ దిగేలోగా జారుకుంటూ వచ్చి
ఎడమ చేతిని కలుస్తుంది.
దారి పొడుగునా నలుపు.
నేను పూలతోట వేద్దామనుకున్న నేలంతా
ఒక చెయ్యి రోజుకి మూడొందలసార్లు నడిచే బాట.
నడిచే బాట మీద ఎవరన్నా మొక్క నాటుతారా?

తెల్లగా మిగిలినవి:
ఇనుము మెడ కింద రెండు వేళ్ళ వెడల్పు,
చివరి గుబ్బ ముఖం,
ఇంకా, ఎడమ పట్టు నడుమ
ఒక సన్నటి చార.

అదేమిటో తెలీక ఆమె చేతికేసి చూశాను.
ఉంగరపు వేలు లేదు.
"గాలపు తాడు చుట్టే యంత్రం మింగింది," అంది.
"చేపలు బాగా పడ్డ రోజు."

మెడ కింద గులాబీ పెట్టాను, లోతుగానే,
అక్కడ ఎవరికీ నొప్పి లేదు గనక.
గుబ్బ మీద ఆమె పేరు మొదటి అక్షరం.
చార దగ్గర కత్తి ఆపి అడిగాను.
ఆమె చల్లారిపోయిన కాఫీ చివరిదాకా తాగింది.
"అక్కడ చెక్కొద్దు. గియ్యి."

గియ్యడం వేరు.
కత్తి మొన వెంట్రుకవాసి దిగుతుంది,
పొట్టు రాలదు.
విచ్చుకున్న గీతలో కాఫీ పొడి రుద్ది
చెంచా వెనకతో నొక్కితే
కర్ర నోరు మూసుకుంటుంది.
కంటికి ఉంటుంది, వేలికి ఉండదు.

"ఉంగరం గియ్యనా, కామ చుట్టూ?"
నవ్వింది. "అదెక్కడుందో చేపలనడుగు.
పదమూడు గీతలు గియ్యి, చిన్నవి, వరసగా.
ఎందుకని అడక్కు."
అడగలేదు. ఇప్పటికీ తెలీదు.

మార్చిలో ఎండ తిరిగొచ్చాక
పదును పెట్టమని గొడ్డలి పట్టుకొచ్చింది.
అవిసె నూనె, చెమట, తారు కలిసి
కామ తేనెరంగుకి తిరిగింది.
హాల్‌వార్డ్ మామ ఈసారి చేతిలోకి తీసుకున్నాడు,
కళ్ళు మూసుకుని,
అడుగు నించి మెడ దాకా, మెడ నించి అడుగు దాకా
బొటనవేలితో తడుముతూ
"ఏవే, ఆ గీతలెక్కడా?" అన్నాడు.

రాగ్న్‌ఫ్రిడ్ చెప్పలేదు.
తడమనిచ్చింది.