బ్యాటరీ అయిపోతున్న క్యాసెట్

గ్లెనిస్ పాష్‌బీ తెచ్చిచ్చింది
చేపల వాసన ఇంకా వదలని బిస్కెట్ డబ్బాలో.
లేబుల్ మీద నీలం ఇంకు: రేషన్ క్లర్క్స్, హల్, ఫిబ్రవరి 81.
"శుభ్రం చేసిపెట్టు,
మరీ కడిగెయ్యకు" అంది.

మైకు ఆమె కోటు లోపల.
అందుకే ముందు వినిపించేది పాట కాదు.
కోటు అస్తరు, ఆమె ఊపిరి,
ఎవరో చిల్లర లెక్కపెట్టుకుంటున్న చప్పుడు.

తర్వాత బేసు.
పబ్బు మేడమీది గదికున్న ఒక్క కిటికీ
గజగజలాడుతూ శ్రుతి కలుపుతుంది.
గిటారు వాయించడం కాదది, రేకు మీద మేకుతో గీకడం.
ట్రెవర్ పాడడు.
అద్దె బకాయికి వచ్చినవాడిలా
ఒకే మాట పదకొండుసార్లు అడుగుతాడు.
ఆ మాటేమిటో తెలియదు.
పదకొండోసారికి మాత్రం బదులు చెప్పాలనిపిస్తుంది.

మూడో పాటలో బేసు తీగ తెగింది.
ఇంకోటి లేదు.
మిగిలిన మూడింటితోనే,
కాలు విరిగిన బల్ల మీద భోంచేస్తున్నట్టు
జాగ్రత్తగా, కోపంగా.

నాలుగోదాని మధ్యలో కరెంటు పోయింది.
పోవడం కాదు, మీటర్లో వేసిన యాభై పెన్నీల బిళ్ళ అయిపోయింది.
గిటారు నోరు పడిపోయింది.
చీకట్లో ముప్పైమంది ఒక్కసారిగా "హో!"
మే నెల రాత్రి సత్యనారాయణపురంలో
మా వీధంతా అనే ఆ "హో"నే.
హెడ్‌ఫోన్స్ తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

లోరెయిన్ ఆపలేదు.
డ్రమ్ములకి కరెంటుతో పనేముంది?
ట్రాలర్లు అమ్మేసుకున్న రేవు పక్కన
చీకట్లో ఒక్కతే కొడుతోంది.
మైకు లేని ట్రెవర్ గొంతు చించుకుంటే
అప్పుడు తెలిసింది మాట:
"ఎవరి వంతు? ఎవరి వంతు?"
వెనకనుంచి ఒక ముసలి గొంతు, విసుగ్గా, "నాదేలే."
బిళ్ళ పడ్డ టంగుమనే చప్పుడు.
వెలుతురు వినిపించింది.

ఈలోగా కోటులో బ్యాటరీలు నీరసించాయి.
ఆ రాత్రి టేపు మందగించింది కనుక
ఇప్పుడు అన్నీ పరుగెడతాయి.
గొంతులు సన్నబడతాయి. ట్రెవర్ కుర్రాడవుతాడు,
బడి పిల్లాడవుతాడు,
చప్పట్లు రేకుల కప్పు మీద వడగళ్ళు.

సరిచెయ్యడం ఒక్క మీట పని.
అయినా ఫోన్ చేసి అడిగాను.
"లోరెయిన్ కూడా చిన్నపిల్లయిపోయిందా?" అంది గ్లెనిస్.
డ్రమ్ముకి వయసు తెలియదు,
తొందరగా కొడుతోందంతే, అన్నాను.

కాసేపు అవతల కెటిల్ మరుగుతున్న చప్పుడు.
"అయితే ఉంచెయ్.
దాని ఆఖరి బస్సు పదిన్నరకి."