గొట్టం చివర రూపాయి

వన్ టౌన్‌లో జలీల్ సాయిబు కొట్టుకి
పదకొండు మెట్లు.
ఏడో మెట్టు దగ్గర హార్బరు చేపల వాసన ఆగిపోయి
నూనె గుడ్డ వాసన మొదలవుతుంది.

ఈ ఊళ్ళో ఇనుము కొనేవాళ్ళు
ముందు ఉప్పుగాలితో బేరం కుదుర్చుకోవాలి.
మా గేటు గొళ్ళెం, నా సైకిలు చైను,
నాన్న గడియారం వెనక మూత,
అన్నిటినీ అది ఒకసారి నాకి చూసింది.

బల్ల మీద పచ్చ దుప్పటి పరిచి
మూడు రైఫిళ్ళు పడుకోబెట్టాడు సాయిబు,
వంజరాలు పేర్చినట్టు, తలలన్నీ ఒకవైపుకి.

మొదటిది జర్మనీది.
బోల్టు లాగితే వెన్నలో గరిటె.
ధర అడిగేలోపే నా చెప్పులు చూసి
తనే పక్కకి జరిపాడు.
మంచిదే.
ఆ డబ్బుకి భీమిలి దారిలో సెంటు స్థలం అడగొచ్చు.

రెండోది తళతళలాడుతోంది.
కొత్త పాలిషు, కొత్త తోలు పట్టీ.
బోల్టు తీసి, గొట్టంలోంచి ట్యూబులైటు చూశాను.
మెలిక గాళ్ళ నిండా తుప్పు పొక్కులు,
అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా.
సాయిబూ,
ఇరవై ఏళ్ళుగా షిప్‌యార్డులో లేతు ముందు నిలబడుతున్నాను,
రంగు చూపించి నన్నేటి చేద్దామని?

అతను నవ్వి టీ చెప్పాడు.

మూడోది అనాకారి.
కర్ర దస్తా ఎప్పుడో పగిలితే అతికించి
ఇత్తడి మేకు కొట్టారెవరో.
బోల్టు పిడి మీద నలుపు చెరిగి
ఒక బొటనవేలు పడుకున్నంత తెల్లటి గుంట.
లోపల చూస్తే మాత్రం
వెలుగు చుట్టలు చుట్టలుగా తిరిగి వచ్చింది,
ఒళ్ళు కుదిరిన రోజు నేను కోసిన మరలాగ.

"ఎవరిదిది?"
"రైల్వే గార్డు ఒకాయనది.
ఒక్క పోటీ గెలవలేదు.
నూనె మాత్రం రోజూ వేసేవాడు."

నెహెమ్యా మాస్టారు చెప్పిన పరీక్ష పెట్టాను.
పేలిపోయిన తూటా తొడుగు లోపల పెట్టి
గొట్టం చివర రూపాయి బిళ్ళ ఉంచమని సాయిబుని అడిగి
కొట్టు మధ్యన బోర్లా పడుకున్నాను.
టీ తెచ్చిన గుంటడు నన్ను దాటి వెళ్ళాడు.
ఎదురుగోడ క్యాలెండరులో ఆదివారం, ఎర్ర అంకె.
ఊపిరి తీసి, సగం వదిలి,
మిగతా సగాన్ని దాచుకుని
టిక్.

బిళ్ళ పడి బల్ల కిందికి దొర్లిపోయింది.

"తప్పు నీది కాదమ్మా, ట్రిగ్గరు బరువు."
స్క్రూడ్రైవరుతో పావు తిప్పు తిప్పాడు.
మళ్ళీ పడుకున్నాను. టిక్.
బిళ్ళ మీది సింహాలు కదల్లేదు.

మాస్టారు ఇంకోటి కూడా అన్నాడు:
రైఫిలు ఒక్కసారే కొంటావు నూకరత్నం,
గుళ్ళు బతికినన్నాళ్ళూ కొంటావు.
ఒక్కో గుండు ఒక ప్లేటు ఇడ్లీ.
అరవై గుళ్ళ పోటీ అంటే
అరవైమంది టిఫిను
నేనొక్కదాన్నే కాగితంలోకి కాల్చేయడం.
పీఎఫ్ లోను ఫారం మీద "అవసరం" గడిలో
ఇల్లు మరమ్మతు అని రాశాను.
అబద్ధం కాదేమో. ఒంట్లో ఏదో ఒకటి కారుతూనే ఉంది.

"ఎవర్ని కాలుస్తావే?" అంది వదిన.
కాగితాన్ని, వదినా.
యాభై మీటర్ల దూరంలో
నాకేం అపకారం చెయ్యని కాగితాన్ని.

లైసెన్సుకి పోలీసులొచ్చి
ఈవిడకి కోపం ఎక్కువా అని వీధిలో అడిగారట.
కుళాయి దగ్గరివాళ్ళు కాసేపు ఆలోచించారట.
ఆ ఆలోచించిన కాసేపే
నా దరఖాస్తు మీద మూడు నెలలై కూర్చుంది.

అడ్వాన్సు ఇచ్చాను.
అనాకారి మళ్ళీ బీరువాలోకి పోయింది,
మెడలో నా పేరు చీటీతో, "నూక"కి దీర్ఘం లేకుండా.
వారానికోసారి నూనె వెయ్యి సాయిబూ అంటే
"గార్డుగారూ ఇలాగే సతాయించేవాడు" అన్నాడు.

మల్కాపురం బస్సులో నిలబడి
వేళ్ళు వాసన చూసుకున్నాను.
కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చి
తనూ చూసుకుంది.
కండక్టరు రూపాయి తక్కువన్నాడు.
గుప్పిట్లో ఒకటుంది.
లేదన్నాను.