నాలుగు బారల తాడు

టెక్కలి దాటాక కొండ నీలంగా ఉంటుంది,
పగిలిన చోట మాత్రమే.
మిగతాదంతా ఎండకి నల్లబడ్డ తోలు.

క్వారీ గట్టు మీద డెర్రిక్ క్రేను:
నిటారుగా ఒక స్తంభం,
దాని మొదట్లోంచి వాలుగా లేచిన చెయ్యి,
కొన నుంచి వేలాడే కొక్కెం.
మొదటిసారి చూసి మా నాయనమ్మ
"ఓలమ్మా, ఇనప ఏతం!" అని నోరు నొక్కుకుంది.

క్యాబిన్‌లో కూర్మారావు. కింద నేను.
డీజిల్ మోతలో మాటలు చెల్లవు.
బొటనవేలు పైకెత్తితే క్రేను చెయ్యి లేస్తుంది.
చూపుడువేలు గాల్లో సున్నాలు చుడితే కొక్కెం లేస్తుంది.
అరచెయ్యి బోర్లించి అడ్డంగా ఊపానా,
అన్నీ ఆగాలి.

నౌపడ ఉప్పుమడులొదిలి కొత్తగా చేరిన దాలేసు అడిగాడు:
"పన్నెండు టన్నుల రాయిని
ఏలంత తాడు ఎలాగ మోస్తాది మావా?"

మొయ్యదురా, పంచుకుంటాది.
గిలకల మీంచి నాలుగు పేటలు దిగాయి సూడు,
పేటకి మూడేసి టన్నులు.
ఊరికే వచ్చిందనుకోకు.
రాయి బారెడు లేవాలంటే
డ్రమ్ము నాలుగు బారల తాడు మింగాలి.
బలం అప్పిచ్చిన షావుకారు
వడ్డీ దూరంలో లాగుతాడు.

నిండు బిందె చంకనుంటే మీ అమ్మ మైలు నడుస్తాది.
అదే బిందె చెయ్యి చాపి పట్టుకోమను.
క్రేనుకీ అంతే,
చెయ్యెంత చాపితే అంత బీద.

మా తాత తవిటయ్య ఏతం దూలం మీద నడిచేవాడు.
నూతివైపు నాలుగడుగులు, బాన మునిగేది.
వెనక్కి నాలుగడుగులు, నీళ్ళు లేచేవి.
అతని ఒళ్ళే ఎదురుబరువు.
జ్వరమొచ్చి చిక్కిపోయిన ఏడు
నడుముకి ఇసకమూట కట్టుకుని ఎక్కాడట.
ఈ క్రేనుకి జ్వరాలు రావు,
వెనక తాళ్ళు కొండలోనే పాతారు.
కొండని కొండ పట్టుకునుంటే
కొండనే ముక్కలుగా లేపుతున్నాం.

నిన్న వాన వెలిశాక
ఒక దిమ్మ బురదలో పీల్చుకుపోయింది.
తాడు ఒక్కసారి సన్నగా మూలిగింది.
నా అరచెయ్యి నాకన్నా ముందే బోర్లా పడింది.
కూర్మారావు ఆపాడు. ఇంజను ఒక్కటే రొప్పుతోంది.

చీలలు కొట్టే గవరయ్య బీడీ చెవిలో దోపుకుని వచ్చాడు.
దిమ్మ అంచు కింద గునపం దూర్చాడు,
గునపం కింద కొబ్బరికాయంత రాయి పెట్టాడు,
కొసన దాలేసుని కూర్చోబెట్టాడు.
"గెంతరా గుంటడా."
రెండు గెంతులకి
బురద ముద్దు పెట్టినట్టు చప్పుడు చేసి
రెండు వేళ్ళ సందిచ్చింది.
గాలి దూరింది. అంతే.
నా వేలు సున్నాలు చుట్టింది.

దిమ్మ లారీ ఎక్కి పోయింది,
ఏ దేశంలో ఎవరి గడపకో, ఎవరి సమాధికో.
దాలేసు ఆ కొబ్బరికాయంత రాయిని
కాలితో అవతలికి నెట్టాడు.
నాలుగడుగులు వేశాడు.
ఏమనుకున్నాడో, వెనక్కొచ్చి
బురద తుడిచి
గునపం పక్కన పెట్టాడు.