ఏడో నంబరు పాట

లాలాపేటలో బైండింగ్ షాపు పైన మా గది.
కింద కాగితాలు కోసే కత్తి,
పైన మేం కోసుకునే బేరాలు:
పెళ్లికి ఇంత, ఓణీల ఫంక్షన్‌కి ఇంత,
జనరేటర్ మీదే అయితే అయిదొందలు తక్కువ.

మా సీక్వెన్సర్ కడుపులో పది పాటలకే చోటు.
పదకొండోది ఎక్కించబోతే
పచ్చటి చిన్న అద్దం అడుగుతుంది:
ఏది చెరపను?
మూడో నంబరు ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు.
తొమ్మిదోది ఎన్నికల ముందు ఒక పార్టీ పాట,
ఫలితాలు రాగానే రెండో పార్టీ పాట.
ఏడు మాత్రం ముట్టుకోలేదు.

ఏడు సైదావలిది.

పగలు మిర్చి యార్డులో టిక్కీలు కుట్టేవాడు.
కొబ్బరినూనె రాసుకుని
రెండుసార్లు కడుక్కుని వచ్చినా
అతను తాకిన మీటలు తాకి
మరుపున కన్ను నులుముకున్నవాడు
కుళాయి దాకా పరుగే.
డోలక్ చర్మం చిరిగిన రాత్రి
"ఈ పెట్టెలో కొడతా, పట్టుకో" అన్నాడు.
ఎడమ కొసన నాలుగు మీటలు,
మూడు వేళ్లు, ఒక్క టేకు.

పెట్టె చప్పుడు దాస్తుందనుకుంటారు జనం.
దాయదు.
ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా,
ఎంతసేపటికి వదిలాడు,
అంతే రాసుకుంటుంది
యార్డు గుమాస్తా తూకం రాసుకున్నట్టు.
దాని కాటాలో బలం నూట ఇరవై ఏడు దాకా.
సైదావలి బొటనవేలు ఎప్పుడూ నూట పదకొండు.
డోలక్ తీసి వీణ పెట్టినా
చర్చి గంట పెట్టినా
కొట్టేది అతనే.

అతను పోయి నాలుగు వేసవులు.

మొన్న బ్యాటరీ అయిపోతోందని అద్దం చెప్పింది.
ఏసోబు మూత విప్పాడు.
రూపాయి బిళ్లంత సెల్లు.
"ఇది తీస్తే అన్నీ పోతాయి."
"తీయకపోతే?"
"అప్పుడూ పోతాయి. ఎప్పుడనేది చెప్పదు."
ఒక్కటే దారి.
కరెంటు నడుస్తుండగానే పాతది ఊడబెరికి
కొత్తది అతికించాలి.

గుంటూరు. మే నెల. మధ్యాహ్నం రెండు.
సబ్‌స్టేషన్‌లో తెలిసిన లైన్‌మన్‌కి ఫోన్ చేశా:
"ఒక్క పావుగంట, బాబ్బాబు."
"పావుగంటకి పూచీ పడ్డానికి నేనెవర్ని" అన్నాడు.

కరెంటుకి భారం తగ్గించినట్టు ఫ్యాన్ ఆపేశాం.
సీసం కరిగిన వాసన.
ఏసోబు పెదాలు కదులుతున్నాయి,
ప్రార్థనో, సెకన్ల లెక్కో.
ఉన్నట్టుండి కింద కత్తి ఆగింది.
అయిపోయిందనుకున్నా.
బైండరు టీకి లేచాడంతే.

స్విచ్ ఆపి చూడమన్నాడు.
నా వేలు పోలేదు. తనే ఆపాడు.
పది దాకా లెక్కపెట్టి మళ్లీ వేశాడు.
సెల్లుకి నలభై తీసుకుని
పాతది జేబులో వేసుకుపోయాడు.

ఏడు నొక్కాను.

ఇరవై రెండో ఆవర్తంలో ఒక దెబ్బ ఉండదు.
ఆ రాత్రి అక్కడ దగ్గు తెర వచ్చింది అతనికి.
పెట్టెలో దగ్గు లేదు.
దగ్గు పట్టినంత చోటు ఉంది.

కొత్తగా చేరిన జోయెల్, చురుకైన చెవి,
"అన్నా, ఇక్కడ బీటు పోయింది,
ఒక్క మీట నొక్కితే సరిచేసేస్తుంది" అన్నాడు.
నిజమే.
ఆ మీట ఎక్కడుందో నాకూ తెలుసు.

"రేపు పొన్నూరు ప్రోగ్రాం.
మూడు చెరిపి కొత్తది ఎక్కించు" అన్నాను.