మా న్యూఫీకి

పోర్ట్ ఓ బాస్క్ రేవులో
ఓడ దిగినవాళ్ళు మొదట చూసేది మా కొట్టే.
అద్దం వెనక వరసగా కప్పులు,
నీలం మీద తెల్లటి అక్షరాలు: న్యూఫీ.
ఒక్కోటి పద్దెనిమిది డాలర్లు.

అమ్మ కొట్లోకి వచ్చినప్పుడల్లా
ఆ కప్పుల్ని ఒక్కొక్కటే గోడవైపు తిప్పేది.
ఆమె వెళ్ళాక నేను మళ్ళీ ఇటు తిప్పేదాన్ని.
పదకొండేళ్ళు ఆ మాట గురించి
మేం మాట్లాడుకున్నది అంతే.

కాడ్ చేపల వేట ఆపెయ్యమని ప్రభుత్వం చెప్పిన ఏడాది
నాన్న పడవని బోర్లించి
అల్బర్టా వెళ్ళాడు, ఇసుకలోంచి నూనె తీసే పనికి.
లియాండర్ కీపింగ్ అని టోపీ మీద రాసుకున్నాడట.
మొదటి రోజు సాయంత్రానికి
పేరు టోపీ మీద ఉంది, నోళ్ళలో లేదు.

"న్యూఫీ, ఆ గొట్టం పట్టుకో."
"న్యూఫీ, నీ యాస మళ్ళీ ఓసారి వినిపించు."
"గడియారానికి నీళ్ళు పోసిన న్యూఫీ కథ తెలుసా?
కాలం పెరుగుతుందని పోశాడంట!"
అందరికంటే ముందు నాన్నే నవ్వేవాడు,
దెబ్బ పడకముందే మోచెయ్యి అడ్డం పెట్టినట్టు.

సెలవుకి ఇంటికొచ్చి
షెడ్డులో తన ఈడువాళ్ళతో రమ్ము తాగుతూ
అదే కథ తనే చెప్పేవాడు.
గస్ మామ పొట్ట పట్టుకుని దొర్లేవాడు.
"ఒరే న్యూఫీ" అంటే "ఏరా న్యూఫీ" అనుకునేవాళ్ళు.
ఆ షెడ్డులో ఆ మాట ఉప్పుచేప,
ఎన్నాళ్ళైనా చెడదు,
నానబెట్టకుండా మింగలేం.

"నీకు కోపం రాదా?" అనడిగాను ఓసారి.
వల అల్లే సూది వంక చూస్తూ అన్నాడు:
"మైనస్ నలభైలో పంపు గడ్డకట్టినప్పుడు
'న్యూఫీని పిలవండి' అంటారే,
అప్పుడు రాదు."
కాసేపాగి,
"తర్వాత వస్తుంది. పంపు తిరిగాక."

అమ్మ మాత్రం మెత్తబడలేదు.
చేపల ఫ్యాక్టరీకి టొరంటో నుంచి వచ్చిన ఆసామి ఒకడు
"మీ న్యూఫీలు భలే సరదా మనుషులు" అన్నాడని
కత్తి బల్లమీద పెట్టి,
చేతి తొడుగులు విప్పి,
మూడు మైళ్ళు నడిచి ఇంటికొచ్చేసిన మనిషి.
ఆ నెలంతా మేం టర్నిప్పులే తిన్నాం.

మార్చిలో నాన్న పోయాడు.
అల్బర్టా నుంచి పూలచక్రం వచ్చింది, నాకంటే ఎత్తు.
ఇరవై ముగ్గురు చందాలేసుకున్నారట.
దాని మీద తెల్ల పట్టు రిబ్బను,
బంగారు అక్షరాలు:
మా న్యూఫీకి.

చర్చిలో దగ్గులు ఆగిపోయాయి.
గస్ మామ నావైపు చూశాడు, నేను నేలవైపు.
అమ్మ లేచింది. దగ్గరకెళ్ళి
కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.
మొదటి మాట మీద వేలుంచి
చాలాసేపు అలాగే నిలబడింది.

"మా అన్నారు," అంది.
"మన అనలేదు.
అయినా, మా అన్నారు."

చేతిసంచిలోంచి కత్తెర తీసి
రెండో మాట చుట్టూ
గుండీ కాజా కోసినంత జాగ్రత్తగా కోసింది.
దాన్ని నాలుగు మడతలు పెట్టి
నాన్న కోటు జేబులో,
సిగరెట్లు మా కంట పడకుండా దాచుకునే జేబులో, పెట్టింది.
రిబ్బను మీద 'మా' ఒక్కటే మిగిలింది,
పక్కన బెత్తెడు కన్నం.
అందులోంచి గులాబీ ఒకటి వంకరగా తొంగిచూసింది.

"దాచావా డల్సీ, ఇచ్చావా?" అన్నాడు గస్ మామ.
"ఆయనది. ఆయన దగ్గరుంటుంది."

అమ్మ ఇప్పటికీ కొట్టుకొస్తుంది.
ఇప్పటికీ కప్పులన్నీ గోడవైపు తిప్పుతుంది,
ఒక్కటి తప్ప.
చివరిది, పిడి దగ్గర పెచ్చు లేచినది.
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మొన్న జులైలో ఓ మాంట్రియల్ కుర్రాడు
సరిగ్గా అదే చేతిలోకి తీసుకుని
గొంతు తగ్గించి అడిగాడు:
"ఈ మాట అనొచ్చాండీ? తిట్టు కాదుగదా?"

బయట ఓడ కూత పెడుతోంది.
అది అమ్మకానికి లేదన్నాను.
పక్కది తీసుకోమన్నాను.
పద్దెనిమిది డాలర్లు,
పన్ను అదనం.